రేకుల కింది ఆకాశం

నేను ఒక ఫ్లెక్సుని. గుడ్డని కాదు, కాగితాన్నీ కాదు. ప్లాస్టిక్కు పూసిన పట్టాని. నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు. మీ ఊరి కూడలికి వెళ్ళి తలెత్తితే నా అన్నదమ్ములు కనిపిస్తారు. ఒకడి పుట్టినరోజుకి ఒకటి, పదవి వచ్చినందుకు ఒకటి, వస్తుందని ఆశపడి ఇంకొకటి. మీరు చూస్తారు, విసుక్కుంటారు, దాటిపోతారు. నాలుగు గాలులు వీచాక మమ్మల్ని ఎవరో పీక్కుపోయి మిరపకాయలు ఆరబోస్తారు, లేకపోతే గేదెల పాక మీద కప్పుతారు. పెద్దమనిషి మొహం బోర్లా తిరిగాకే మా వల్ల లోకానికి ఏదైనా ఉపయోగం. ఇది నేను కసితో అంటున్న మాట కాదు. మా జాతి అనుభవం.

నన్ను టౌనులో బస్టాండు వెనక షాపులో అచ్చువేశారు. చుట్టగా ఉన్న నన్ను మిషన్లోకి ఎక్కిస్తే ఇంకు పెట్టె నా ఒంటి మీద అటూ ఇటూ పరుగులు తీసింది. చక్కిలిగింత. ఘాటు వాసన. తెల్లగా పుట్టినదాన్ని, కాసేపట్లో మీద అక్షరాలు లేచాయి: అశ్రునివాళి. ఆ పక్కనే కొండరాయిని కంకర ఆడించే క్రషర్ గుమాస్తా నిలబడి ఉన్నాడు.

"మా ఓనరుగారి ఫొటో ఇంకాస్త పెద్దది చెయ్యి," అన్నాడు.

"అన్నా, పోయింది ఆయన కాదుగా?" అన్నాడు షాపతను.

"పోయినోడు వచ్చి చూస్తాడా ఏంది? చూసేది ఈయన."

అలా తేలింది నా రూపం. కుడిపక్క క్రషర్ ఓనరు మాలకొండయ్యగారు నిలువెత్తున, చేతులు జోడించి. ఎడమపక్క ఒక గుండ్రటి చక్రంలో పల్లపు గురవయ్య, గుండ్లమెట్ట కొండ మీద రాయి కొట్టినవాడు. ఆయన మెడలో బంతిపూల దండ, అదీ అచ్చువేసిందే. పోయినవాడు నవ్వుతున్నాడు, ఎందుకంటే అది పెళ్ళినాటి ఫొటో. బతికున్నవాడు ఏడుపు మొహం పెట్టాడు, ఎందుకంటే అది ఈ పని కోసమే తీయించుకున్న ఫొటో.

గురవయ్య ఎలా పోయాడో చెప్పాలి కదా. కొండకి తూట్లు వేసి, మందు కూరి, మధ్యాహ్నం ఈల ఊది పేలుస్తారు. ఒక రోజు ఒక తూటు పేలలేదు. ఏమైందో చూసి రమ్మని ఆయన్ని పంపారు. వెళ్ళాడు. అంతే. దానికి క్రషర్ వారు చేసిన న్యాయం ఏమిటంటే నేను.

గేటు పక్కన సరుగుడు కర్రలకి కట్టారు నన్ను. లారీలు పోతుంటే రాతిపొడి లేచి ఇద్దరి మొహాల మీదా సమానంగా పడేది. కొండ మీద సమానంగా పంచింది అదొక్కటే. కొన్నాళ్ళకి నా కర్రలు ఎవరి పొయ్యిలోకో పోయాయి. నేల మీద పడి ఉన్న నన్ను గురవయ్య పెళ్ళాం అంకమ్మ వచ్చి చుట్టచుట్టి, చంకన బిడ్డతో, భుజాన నాతో ఇంటికి నడిచింది.

కప్పు మీద వేస్తుందనుకున్నాను. ఆమె ఇల్లు కురిసేది. కారుతున్న చోటల్లా గిన్నెలు పెట్టుకుంది గానీ నన్ను విప్పలేదు. మొగుడి మొహం మీద వాన పడనివ్వదు. పోనీ లోపలివైపు తిప్పుకుందామంటే ఓనరు మొహం చూస్తూ నిద్రపోలేదు. అందుకని దూలం మీద చుట్టగా ఉండిపోయాను.

చుట్టలో బతుకు కల లాంటిది. లోపలి గొట్టంలోంచి ఒక రూపాయి బిళ్ళంత వెలుతురు కనిపిస్తుంది. పొయ్యి పొగ అందులోంచి మెల్లగా ఈదుకుంటూ పోతుంది. ఒక ఎలుక నాలో పిల్లల్ని పెట్టి, పెంచి, చెప్పకుండా వెళ్ళిపోయింది. కింద ఒక పసిగొంతు ఏడ్చేది, తర్వాత నవ్వేది, తర్వాత ప్రశ్నలు అడిగేది. అంకమ్మ కూతురు పోలేరమ్మ. అందరూ పోలి అంటారు. నాన్న ఏడీ అని ఆ పిల్ల అడిగితే అంకమ్మ ఎసట్లో బియ్యం పోసుకునేది. నా లోపల గురవయ్యా ఓనరూ ఒకరి మొహానికి ఒకరు అంటుకుని, చీకట్లో ఊపిరాడకుండా వింటూ ఉండేవారు.

ఇప్పుడు బడి సంగతి. గుండ్లమెట్ట బడి అంటే ఒక హాలు. ఐదు తరగతులూ అందులోనే. ఒకటో తరగతి వాళ్ళని చిట్టచివర కూర్చోబెట్టేవారు. పొద్దున్నుంచీ పెద్దపిల్లల వీపులు చూడటమే వాళ్ళ చదువు. వీపుల మీద అక్షరాలుండవు. మధ్యాహ్నం అన్నం తినగానే చిన్నవాళ్ళు జారుకునేవారు, తల్లుల దగ్గరికి, అంటే కొండ దగ్గరికి. సరిగ్గా మందు పేల్చే వేళకి.

ఆ బడికి మేరీ సుభాషిణి అనే టీచర్ వచ్చింది. అంకమ్మ అప్పటికి బళ్ళో వంట చేస్తోంది. హాలు వెనక రేకుల గది ఒకటి ఉందనీ, విరిగిన బల్లలు తప్ప అందులో ఏమీ లేవనీ టీచర్ కనిపెట్టింది. ఒకటో తరగతికి ఆ గది ఇమ్మని హెడ్మాస్టరు పున్నయ్యగారిని అడిగింది.

"ఆ రేకుల కింద గుడ్డు పెడితే ఉడుకుద్దమ్మా," అన్నాడాయన. "పిల్లల్ని పెడతానంటావేంది?"

"చల్లబరుచుకుంటాం సార్."

"ప్రహరీ గోడకి సిమెంటు బస్తాలు రాబోతున్నాయి. అవి దిగేలోపు నీ పిల్లలు మిట్టమధ్యాహ్నం కూడా అందులో కూర్చున్నారనుకో, గది నీదే. కూర్చోలేదనుకో, బస్తాలది. బస్తాలకి ఎండ తగిలినా నోరెత్తవు."

పున్నయ్యగారు చెడ్డవాడు కాదు. బస్తాకీ పిల్లకీ తేడా తెలిసినవాడే. కాకపోతే పై నుంచి బస్తా గురించి అడుగుతారు, పిల్ల గురించి అడగరు. మన రాజ్యంలో మంచివాళ్ళు చాలామంది ఇట్లాగే ఉంటారు.

సుభాషిణి టీచర్‌కి గది కావాల్సింది అలంకారం కోసం కాదని మీకు ముందే చెబుతున్నాను. బొమ్మలు ఎర. మధ్యాహ్నం ఈల మోగే వేళకి చిన్నపిల్లలు కొండ మీద కాకుండా ఒక కప్పు కింద ఉండాలి. అదొక్కటే ఆమె పంతం. కానీ పసిపిల్లలకి భయం చెబితే ఆగరు. వాళ్ళని ఆపాలంటే కొండ కంటే అందమైనది ఏదో ఒకటి ఉండాలి.

క్రషర్ సెలవు రోజున తల్లులు వచ్చారు. విరిగిన బల్లలు బయటికి వెళ్ళాయి. సున్నం పడింది. టీచర్ గోడ వెంట మోకాళ్ళ మీద నడుచుకుంటూ సుద్దముక్కతో గీత గీసింది. ఒకటో తరగతి పిల్ల చెయ్యెత్తితే అందేంత ఎత్తు. పలకలా రాసుకోవడానికి వేసే నల్లరంగుని ఆ గీత దాటి ఒక్క వేలెడు పైకి పోనివ్వలేదు. "పైన మీరు రాసుకోరా?" అని తల్లులు అడిగితే, "నేను వంగుతాను, నా నడుం గట్టిదే," అంది. చుట్టూ ఆ నల్లటి నడికట్టు పూర్తయ్యేసరికి ప్రతి పిల్లకీ తనదైన గోడముక్క వచ్చింది.

తల్లులు కొంగుల్లో కంకర మోసుకొచ్చారు. కడిగి రంగులేశారు, లెక్కలు నేర్చుకునేందుకు. చేతిమందం పలకరాళ్ళు తెచ్చి అంచులు నున్నగా చెక్కారు. వాటి మీద టీచర్ ఒక్కో పిల్ల పేరు రాసింది. పొద్దున రాగానే ఎవరి రాయి వాళ్ళు వెతుక్కుని గుమ్మం పక్కన నిలబెట్టాలి. అదే హాజరు. కిటికీలకి పాత చీరలు కట్టారు. తడిపితే గాలి చల్లగా వస్తుంది. గది అడ్డంగా ఒక కొబ్బరితాడు, పిల్లలు గీసినవి ఆరేసుకోవడానికి.

టౌను నుంచి టీచర్ కొనుక్కొచ్చిన అక్షరాల చార్టు చూసి కోటమ్మ ఆగిపోయింది. కోటమ్మ అంకమ్మకి వదిన వరస, నోరున్న మనిషి.

"ఈ గడ్డపాయనెవరు టీచరమ్మా?"

"ఋషి."

"ఏం పని చేస్తాడు?"

"తపస్సు చేస్తాడు."

"అయితే పని లేనట్టేగా," అని చార్టుని తలుపు వెనక అంటించింది.

అన్నీ అయ్యాయి. కానీ తలెత్తితే రేకు. మధ్యాహ్నానికి ఆ రేకు పెనంలా కాలి, కింద ఎన్ని రంగులున్నా పిల్లల్ని బయటికి తరిమేస్తుంది. రేకుకీ పిల్లలకీ మధ్య ఏదైనా అడ్డం కట్టాలి. ఒక పెద్ద ఫ్లెక్సు ఉంటే బాగుండు అంది టీచర్. రాళ్ళు కొట్టేవాళ్ళ కాలనీలో ఉన్నవన్నీ ఇళ్ళ కప్పులు కాస్తున్నాయి, తూట్లు పడి. అంకమ్మ గిన్నెలు తోముతూ విన్నది. చేతులు తుడుచుకుని వెళ్ళింది. నన్ను దించుకుని వచ్చింది.

కొత్తగా అలికినట్టున్న గచ్చు మీద తనే నన్ను విప్పింది, మొహాలు కిందికి ఉండేలా. ఎంతో కాలానికి ఒళ్ళు విరుచుకున్నాను.

"ఎవురిదిమే అది?" అంది కోటమ్మ.

"ఎవురిదైతే ఏంది వదినా, బోర్లా పండుకున్నాడుగా."

అందరూ నవ్వారు. ప్రతి ఫ్లెక్సులోనూ ఎవడో ఒకడుంటాడు, ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరో తెలుసుకోవాలని ఎవరికీ అనిపించదు.

నా వీపు మీద ఆకాశం వెయ్యడం మొదలుపెట్టారు. నీలం, మబ్బులు, సూర్యుడు, ఒక మూల చుక్కలు. పగలూ రాత్రీ ఒకేసారి ఎట్టా ఉంటాయని ఎవరూ అడగలేదు. మబ్బుల మధ్య అక్షరాలు ఎగురుతున్నాయి. తల్లుల్లో బ్రష్షు పట్టుకున్న ఒకావిడ నేల మీద కూర్చుని నాలుగు కాళ్ళు, రెండు నిలువు చెవులు గీసింది.

"గాడిద వద్దమ్మా," అంది టీచర్.

"ఎందుకు?"

"బళ్ళో అది తిట్టు. చదువు రానివాణ్ణి అట్లా పిలుస్తారు."

కోటమ్మ రంగు డబ్బా కింద పెట్టింది. "ఈ ఊళ్ళో ఇల్లిల్లూ కట్టిన రాయి మోసింది మా మామ గాడిదే టీచరమ్మా. అది తెచ్చిన కూడు తినే మేం పెరిగాం. తిట్టు మీ బళ్ళో పుట్టింది. మా కాడ కాదు."

సుభాషిణి టీచర్ పెద్ద బ్రష్షు తీసి కోటమ్మ చేతికిచ్చింది. "అయితే రెక్కలు పెట్టండి. ఆకాశంలో నడవలేదు కదా."

రెక్కలు పెట్టారు. పొట్ట నింపే సమయానికి బూడిదరంగు అయిపోయింది. పొట్ట ఖాళీగా, తెల్లగా మిగిలింది. రేపు నింపుదాంలే అనుకున్నారు. మన దేశంలో రేపు సంగతి మీకు తెలుసు.

నన్ను రేకుల కింద నాలుగు మూలలా లాగి కట్టారు. అంకమ్మే నిచ్చెన ఎక్కింది, ఇంకెవరినీ ఎక్కనివ్వలేదు. నా పైన జానెడు గాలి, దాని పైన మండే రేకు. ఆ మంట ముందు నా మీద పడేది, నేను దాన్ని కిందికి పోనిచ్చేదాన్ని కాదు. తడిచీరల్లోంచి గాలి వచ్చేది. అన్నం తిన్న పిల్లలు గచ్చు మీద వెల్లకిలా పడుకునేవారు. టీచర్ ఒక పొడుగాటి కర్రతో ఆకాశంలోని అక్షరాన్ని తాకితే, పడుకున్న నోళ్ళు సగం నిద్రలో దాని పేరు పలికేవి. "గ..." అని గది అంతా ఒక పెద్ద తేనెటీగలా గొణిగేది. కొబ్బరితాడు మీద బొమ్మలు ఊగేవి. దూరంగా ఈల మోగేది, తర్వాత కొండ దగ్గేది, నేల కొంచెం వణికేది, నా మీద సన్నటి దుమ్ము రాలేది. ఒక్క పిల్లా లేచేది కాదు. చదువంటే కూర్చునే నేర్చుకోవాలని ఏ శాసనంలో ఉందో నాకు తెలియదు. నేను చూసిన చదువు మాత్రం పడుకుని నేర్చుకున్నది.

ఎండ నడినెత్తికి వచ్చిన ఒక రోజు పోలి చెయ్యెత్తి చూపించింది.

"టీచర్, గాడిద పొట్టలో ఒకాయన ఉన్నాడు."

ఉన్నాడు. పై రేకుల మధ్య వెలుతురు కోసం ఒక ప్లాస్టిక్ రేకు వేశారు. సూర్యుడు సరిగ్గా దాని మీదికి వచ్చినప్పుడు వెలుగు నాలోంచి దిగి, ఖాళీగా మిగిలిన ఆ పొట్టలో గురవయ్యని వెలిగించింది. నవ్వుతున్న పెళ్ళినాటి మొహం. ఓనరు మీద మామూలు రేకు. ఆయన చీకట్లోనే ఉండిపోయాడు. ఆ పని నేను చెయ్యలేదు, రేకులు వేసినవాడు చేశాడు.

పిల్లలకి పండగ. మధ్యాహ్నం కాగానే పడుకుని ఆయన కోసం చూసేవారు. వస్తాడు, నవ్వుతాడు, మెల్లగా మసకబారి వెళ్ళిపోతాడు. ఎవరో నాయకుడి మొహమేలే అనుకుంది టీచర్. అంకమ్మ వంటగది గుమ్మంలోంచి చూసేది. ఒక్క మాట చెప్పేది కాదు. నాకనిపించేది, ఇన్నాళ్ళకి ఆమె మొగుడు మధ్యాహ్నం పూట పని మాని ఇంటికి వచ్చినట్టుంది ఆమెకి.

పిల్లల నోటికి మూత ఉండదు కదా. ఇళ్ళల్లో చెప్పారు. కోటమ్మ కొడుకు సింగడు మరీ వివరంగా చెప్పాడు: మెడలో దండ కూడా ఉందని. కోటమ్మ మధ్యాహ్నం పని ఆపి వచ్చి గుమ్మంలో నిలబడి పైకి చూసింది. ఆమె వెనక ఇంకొందరు.

"ఇది గురవయ్యన్న," అంది కోటమ్మ. "అంకమ్మా, ఇది గేటు కాడ కట్టింది గదంటే. దండేసింది."

అంకమ్మ పైకే చూస్తోంది.

"నీ మొగుడంటే మాకు మాత్రం చేదా? దండేసిన మొహం బతికున్న పిల్లల నెత్తిన కడతావా? ఈళ్ళని గూడా ఆ దారినే రమ్మంటాడా?"

"పిల్లలు వింటున్నారు," అంది టీచర్.

పోలి వింటోంది. తనకి తండ్రి దొరికిన క్షణం అది. ఎట్లా దొరికాడో చూడండి, ఒక తిట్టులో. ఆ పిల్ల ఏడవలేదు. మళ్ళీ పైకి చూసింది, అప్పటికి ఎండ జరిగింది, పొట్ట ఖాళీ.

ఆ సాయంత్రమే నన్ను దించేశారు. చుట్టి గది మూల నిలబెట్టారు. టీచర్ బతిమాలింది. దండ వేసిన బొమ్మ అంటే భయం మనిషి ఎముకల్లో ఉంటుంది, టీచర్ మాటలు అంత లోతుకి దిగలేదు. నేను కోటమ్మని తప్పుపట్టను. ఆ కొండ మీద పనిచేసే ఏ తల్లికైనా చావు పక్కింటి మనిషిలాంటిది. దాన్ని ఇంకా దగ్గరికి ఎవరు రానిస్తారు?

మళ్ళీ పెనం. కంకర రాళ్ళు చెయ్యి పెడితే కాలేవి. తడిచీరలు నిమిషంలో ఎండేవి. అన్నం తినగానే పిల్లలు ఒకరి వెనక ఒకరు జారుకున్నారు. పేరు రాళ్ళు మాత్రం గుమ్మం పక్కన బుద్ధిగా నిలబడి ఉన్నాయి. పున్నయ్యగారు తొంగి చూసి, "నేను చెప్పలా అమ్మా," అన్నాడు. "సోమారం బస్తాలు దిగుతున్నాయి." సుభాషిణి టీచర్ చెప్పులేసుకుని కొండ వైపు పరుగెత్తింది. రోజూ అదే పని ఆమెకి, ఎండలో పిల్లల్ని వెతికి వెనక్కి తోలుకురావడం. రోజూ ఎవరో ఒకరు తప్పించుకునేవారు.

తర్వాత జరిగింది నేను కళ్ళారా చూడలేదు. మూల నిలబడి ఆడవాళ్ళ నోట విన్నాను. మందు కూరిన తూట్ల నుంచి, లోపలికి నిప్పందించే పసుపుపచ్చ గొట్టపు తీగలు వేలాడుతుంటాయి. పిల్లలకి వాటితో గాజులు అల్లుకోవడం సరదా. పేలాక రాళ్ళ మధ్య ముక్కలు ఏరుకుంటారు. సింగడికి ముక్కలు చాలలేదు. పొడుగు తీగ కావాలి. ఈల ఊదారు. అందరూ దూరం జరిగారు. కోటమ్మ కంకర గుట్ట వెనక కూర్చుని నీళ్ళు తాగుతూ తలెత్తితే, తూట్ల వరస పక్కన గొంతుక్కూర్చుని కొడుకు తీగ లాగుతున్నాడు.

ఆమె అరవలేదట. అరిస్తే టైం పోతుందట. పరుగెత్తింది, మందు ఉన్న వైపుకే. మందు పేల్చే మీట దగ్గరున్న మస్తాను ఆమె చీర రంగు చూసి చెయ్యి తీసేశాడు. కోటమ్మ కొడుకుని ఎత్తుకుని వెనక్కి రాలేదు. అక్కడే, తూట్ల పక్కనే కూలబడింది. ఆమె పక్కన ఇంకొకరు. ఆ తర్వాత కొండ మీద ఉన్న ఆడవాళ్ళంతా.

ఓనరు కారు వచ్చింది.

"లెగండమ్మా, పిల్లోడికి ఏం కాలేదుగా," అన్నాడట.

"కాలేదు గాబట్టే మాట్లాడతన్నాం," అంది కోటమ్మ. "అయ్యుంటే మీరు ఫ్లెక్సు కట్టేవోళ్ళు, మేం ఏడ్చేవోళ్ళం."

ఆ మాట విన్నప్పుడు మూల నిలబడ్డ నాకు ఒళ్ళు ముడుచుకుపోయింది.

చీకటి పడేదాకా లేవలేదు వాళ్ళు. మర్నాడు మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. మస్తాను మీట ముట్టనన్నాడు. చివరికి ఒప్పందం కుదిరింది. కాగితం లేదు, సంతకం లేదు, అందరి ముందూ చెప్పించిన మాట. చిన్నపిల్లలంతా బడి గదిలో ఉన్నారని ఒకటో తరగతి గంట మోగాలి. గంట మోగాకే ఈల. ఈల తర్వాతే మందు. గంట మోగకపోతే ఆ రోజుకి కొండ కొండలాగే ఉంటుంది.

అక్కడి నుంచి తిన్నగా రేకుల గదికి వచ్చారు, దుమ్ముకొట్టుకుపోయిన చీరలతో.

"గంట కొట్టాలంటే పిల్లలు లోపల ఉండాల. ఉండాలంటే అది పైన ఉండాల," అంది కోటమ్మ నన్ను చూపించి. తర్వాత గొంతు తగ్గించింది. "అంకమ్మా. మొగుడు ఉంటే ఉండనీ. దండ తీసేద్దాం. దండ లేకపోతే ఫొటో మామూలు మనిషిదేగా."

ఈసారి నన్ను మొహాలు పైకి విప్పారు. పోలి మొదటిసారి దగ్గర్నుంచి చూసింది. రంగుల్లో కలిపే థిన్నరు సీసా, కొబ్బరి పీచు తెచ్చారు. అంకమ్మ పీచు తడిపి, దండ దగ్గర చెయ్యి పెట్టి, ఆగిపోయింది. ఎక్కువ రుద్దితే మొహమే పోతే?

"ముందు ఈయన మీద చూద్దాంమే," అంది కోటమ్మ ఓనరుని చూపించి. "పోతే పోతాడు."

పోయాడు. ముందు మీసం, తర్వాత జోడించిన చేతులు, తర్వాత అంతా. పీచు పట్టిన ప్రతి చెయ్యీ తన వంతు అడిగి మరీ రుద్దింది. నాకు మంట పుట్టింది, ఒళ్ళంతా ఘాటెక్కింది, అయినా అంత సుఖం నేనెప్పుడూ ఎరగను. చెయ్యి ఎంత బరువుగా వెయ్యాలో అట్లా తెలుసుకుని, అంకమ్మ దండని ఒక్కో పువ్వే తీసేసింది. పైన ఉన్న ఏడుపు అక్షరాలు టీచర్ తుడిచింది. గురవయ్య మిగిలాడు, మామూలు చొక్కాలో, మామూలు మనిషిగా. పున్నయ్యగారు గుమ్మం దాకా వచ్చి, ఇంతమంది ఆడవాళ్ళని చూసి, "బస్తాలు వరండాలో వేయిస్తాలేమ్మా," అని వెళ్ళిపోయాడు.

నేను మళ్ళీ ఆకాశమయ్యాను. గుమ్మానికి ఒక పాత రైలుపట్టా ముక్క కట్టారు, పక్కన ఇనప కడ్డీ. పేరు రాళ్ళు చూసి, తలలు చూసి, రోజుకొకరు వంతున గంట కొట్టాలి. ఎర్రటి ఎండలో కొండ మీద మనుషులు చెవులు రిక్కించుకుని నిలబడతారు. ఎవరు కేక వేస్తే కాలనీ అంతా వణికేదో ఆ ఓనరు కూడా, ముక్కు కారుతున్న ఒక పిల్లో పిల్లాడో చెయ్యెత్తేదాకా ఆగాల్సిందే. మీరు న్యాయం గెలిచిందని చంకలు గుద్దుకోకండి. కొండ ఇంకా పేలుతూనే ఉంది. పిల్లలకి కావాల్సింది మంచి కప్పు, నాలాంటి ప్లాస్టిక్ పట్టా కాదు. అయినా ఆ కాసింత ఆగడం ఉంది చూశారూ, దానికి నేను పైకప్పుగా ఉన్నాను. అది చాలు నాకు.

మొన్నొక మధ్యాహ్నం పోలి వంతు. రాళ్ళన్నీ నిలబడి ఉన్నాయి. పిల్లలంతా వెల్లకిలా పడుకున్నారు. అంకమ్మ గుమ్మంలో చేతులు తుడుచుకుంటోంది. పోలి కడ్డీ పట్టుకుని నిలబడింది గానీ కొట్టలేదు. బయట మబ్బు పట్టింది. నాలో నీలం నల్లబడింది. గాడిద పొట్ట ఖాళీగా ఉంది.

"కొట్టు పోలీ," అంది టీచర్. "అందరూ వచ్చారుగా."

పోలి పైకి చూస్తూనే ఉంది.

"ఇంకా ఒకళ్ళు రాలేదు టీచర్."

సుభాషిణి టీచర్ కొండ వైపు చూసింది. అక్కడ మస్తాను మీట పక్కన నిలబడి ఉన్నాడు, కారు తలుపు తెరిచి పట్టుకుని ఓనరు నిలబడి ఉన్నాడు, లారీలు ఆగి ఉన్నాయి. ఆమె మళ్ళీ పోలిని తొందరపెట్టలేదు. పిల్లల పక్కన గచ్చు మీద తనూ పడుకుని పైకి చూడసాగింది. మబ్బు మెల్లగా కదులుతోంది. కొండ మొత్తం ఎదురుచూస్తోంది.